పుస్తకంలో 110.6, అనంతపురం ల్యాబ్‌లో 109: మరుగు స్థానం లెక్కలో తేడా ఎక్కడొస్తుంది?

డిగ్రీ కాలేజీల్లో ప్రాక్టికల్ పరీక్షలు దగ్గరపడే రోజుల్లో కెమిస్ట్రీ రికార్డులు తిరగేస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. టోలుయీన్ అనే ద్రవం మరుగు స్థానం దాదాపు అందరి రికార్డులోనూ 110.6. ఇథైల్ ఆల్కహాలుది అందరికీ 78.3. థర్మామీటర్లు వేరు, బెంచీలు వేరు, చేతులు వేరు, అంకె మాత్రం ఒక్కటే. నిజానికి అనంతపురంలో పద్ధతిగా ప్రయోగం చేస్తే టోలుయీన్ 109 దగ్గర మరగాలి. ఆ 109ని రబ్బరుతో చెరిపి పుస్తకంలోని అంకె దిద్దేవాళ్ళు తక్కువేం కాదు. "రీడింగు తప్పొచ్చింది" అని పరీక్ష చేయడానికి బయటి కాలేజీ నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ సారు అంటాడేమోనని భయం.

ఇక్కడ తప్పు విద్యార్థిది కాకపోవచ్చు, పుస్తకానిదీ కాకపోవచ్చు. రెండూ వేర్వేరు పరిస్థితుల్లో వచ్చిన అంకెలు. ఆ పరిస్థితులేమిటో, కర్నూలు, అనంతపురం, కడప ల్యాబుల్లో అవి ఎంత తేడా తెస్తాయో లెక్కలతో చూద్దాం.

మరగడం అంటే ఆవిరి కావడం ఒక్కటే కాదు

కడపలో ఏప్రిల్ ఎండకు దండెం మీది తడిగుడ్డ ఇట్టే ఆరిపోతుంది. నీళ్ళు ఆవిరయ్యాయి, మరగలేదు. ఆవిరి కావడం ఏ ఉష్ణోగ్రత దగ్గరైనా జరుగుతుంది, ద్రవం పైపొర నుంచి మాత్రమే జరుగుతుంది. మరగడం అలా కాదు. ద్రవం లోపలే, గిన్నె అడుగునే, ఆవిరి బుడగలు పుట్టి పైకి రావాలి.

బుడగ లోపలి ఆవిరి బయటికి తోస్తుంది. పైనున్న గాలి ద్రవాన్ని కిందికి నొక్కుతుంది. ఆ తోపు ఈ నొక్కుడుకు సమానమైతేనే బుడగ బతుకుతుంది, లేకపోతే పుట్టగానే అణిగిపోతుంది. ద్రవం ఆవిరి తోసే తోపుకు బాష్పపీడనం అని పేరు. వేడి చేసేకొద్దీ అది పెరుగుతుంది. బాష్పపీడనం బయటి పీడనానికి సమానమయ్యే ఉష్ణోగ్రతే మరుగు స్థానం.

ఈ నిర్వచనంలో "బయటి పీడనం" అన్న మాట ఉంది గనుక పీడనం చెప్పకుండా మరుగు స్థానం చెబితే సగమే చెప్పినట్టు. పుస్తకాల్లో ఇచ్చేది 760 మిల్లీమీటర్ల పాదరస పీడనం, అంటే సముద్ర మట్టం దగ్గరి మామూలు గాలి పీడనం దగ్గరి విలువ. దీన్ని సాధారణ మరుగు స్థానం అంటారు. 1982 నుంచి అంతర్జాతీయ రసాయన శాస్త్ర సంఘం 1 బార్ దగ్గరి విలువను ప్రామాణికంగా తీసుకోమంటోంది. 1 బార్ అంటే దాదాపు 750 మిల్లీమీటర్లు. నీటికి మొదటి లెక్కన 99.97 డిగ్రీలు, రెండో లెక్కన 99.61. అంటే రెండు మంచి పుస్తకాల్లోనే రెండు అంకెలు ఉండొచ్చు, రెండూ సరైనవే. (ఈ వ్యాసంలో డిగ్రీలన్నీ సెల్సియస్ డిగ్రీలే.)

మూడు ఊళ్ళు, మూడు రీడింగులు

సముద్ర మట్టానికి అనంతపురం సుమారు 340 మీటర్ల ఎత్తులో ఉంది. కర్నూలు 275 మీటర్ల చుట్టుపక్కల, కడప 140 లోపు. ఎత్తు పెరిగితే పైన ఉండే గాలి తగ్గుతుంది, దాని బరువూ తగ్గుతుంది. వాతావరణం మామూలుగా ఉన్న రోజున అనంతపురంలో పీడనం సుమారు 730 మిల్లీమీటర్లు, కర్నూల్లో 735, కడపలో 748 ఉంటుందని లెక్క కట్టొచ్చు. 760 ఎక్కడా లేదు.

ఈ లోటు మరుగు స్థానాన్ని ఎంత దించుతుందో చెప్పే సూత్రాన్ని సిడ్నీ యంగ్ అనే రసాయన శాస్త్రవేత్త ఇచ్చాడు. లెక్క చిన్నదే:

సవరణ = 0.00012 × (760 − ఊళ్ళోని పీడనం) × (273 + మరుగు స్థానం)

నీరు, ఆల్కహాళ్ళ వంటి వాటిలో అణువులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. వాటికి 0.00012 బదులు 0.00010 వేసుకోవాలి.

టోలుయీన్‌కు అనంతపురంలో కట్టి చూద్దాం. 760లోంచి 730 తీసేస్తే 30. 273కు 110.6 కలిపితే 383.6. ఈ రెంటినీ 0.00012తో గుణిస్తే 1.38 వస్తుంది. 110.6లోంచి అది తీసేస్తే 109.2. అదే లెక్కన కర్నూల్లో 109.5 దగ్గర, కడపలో 110.0 దగ్గర రావాలి. నీళ్ళు అనంతపురంలో 98.9 దగ్గర, కర్నూల్లో 99.1 దగ్గర, కడపలో 99.5 దాటాక మరుగుతాయి. మదనపల్లె దాటి హార్స్‌లీ హిల్స్ ఎక్కితే ఎత్తు 1,260 మీటర్ల పైచిలుకు, అక్కడ నీళ్ళు 96 దగ్గరే మరుగుతాయి. ఈ లెక్కనే తిరగేసి, నీళ్ళు మరిగే ఉష్ణోగ్రతను బట్టి కొండల ఎత్తు కట్టడానికి పాతకాలపు సర్వేయర్లు హిప్సోమీటర్ అనే పరికరం మోసుకెళ్ళేవాళ్ళు.

తేడా ఇంతేనా, ఒకటిన్నర డిగ్రీ కూడా లేదు కదా అనిపించొచ్చు. అదెంత ముంచుతుందో కాసేపట్లో తెలుస్తుంది.

ఇంకో అనుమానం కూడా తరచుగా వినపడుతుంది: "మాది బోరునీళ్ళు, ఉప్పెక్కువ, అందుకే నీళ్ళ మరుగు స్థానం తేడాగా వచ్చింది" అని. ఉప్పు కరిగితే మరుగు స్థానం పెరిగే మాట నిజం. కిలో నీటిలో 58.5 గ్రాముల ఉప్పు వేస్తే ఒక డిగ్రీ పెరుగుతుంది. లీటరుకు ఒక గ్రాము లవణాలున్న బోరునీటిలో పెరిగేది డిగ్రీలో వందోవంతులు ఒకటో రెండో. ల్యాబ్ థర్మామీటర్ మీద అది కనిపించదు. పైగా రీడింగు తగ్గింది గానీ పెరగలేదు.

ఫోన్‌లో యాప్ చూపే పీడనం ఇక్కడ పనికిరాదు

సవరణ కట్టాలంటే ఆ రోజు పీడనం తెలియాలి. ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ గోడకు ఫోర్టిన్ బారోమీటర్ (గాలి పీడనం కొలిచే పాదరస పరికరం) వేలాడుతుంటే పని సులువు. లేనిచోట విద్యార్థులు ఫోన్‌లో వాతావరణం యాప్ తెరుస్తున్నారు. మంచి ఆలోచనే, అయితే అందులో ఒక మెలిక ఉంది. ఎత్తుపల్లాల ఊళ్ళన్నిటినీ ఒకే పటం మీద పోల్చడానికి వీలుగా వాతావరణ శాఖలు పీడనాన్ని సముద్ర మట్టానికి సవరించి ప్రకటిస్తాయి. యాప్‌లో కనిపించేది మామూలుగా ఆ సవరించిన అంకే. ఊరు సముద్రపు ఒడ్డున ఉంటే ఎంత ఉండేదో అంత.

అనంతపురంలో యాప్ 1008 హెక్టోపాస్కల్ చూపిందనుకుందాం. మిల్లీమీటర్లలోకి మారిస్తే 756. దాన్ని సూత్రంలో వేస్తే టోలుయీన్‌కు సవరణ 0.18 డిగ్రీ, అంటే లేనట్టే. ఆ సమయంలో అనంతపురం గాలిలో నిజంగా ఉన్నది 968 హెక్టోపాస్కల్ చుట్టుపక్కల, అంటే 726 మిల్లీమీటర్లు. సవరణ 1.57. ఎనిమిదిన్నర రెట్ల తేడా. కొన్ని ఫోన్లలో బారోమీటర్ సెన్సరే ఉంటుంది. అది ఆ గదిలోని అసలు పీడనం చూపిస్తుంది, దాన్ని వాడుకోవచ్చు.

పీడనం రోజంతా ఒకేలా ఉండదు కూడా. మన ప్రాంతంలో ఉదయం పది గంటలప్పుడు ఎక్కువగా, సాయంత్రం నాలుగప్పుడు తక్కువగా ఉండటం మామూలు. తేడా రెండు మూడు మిల్లీమీటర్లు. జనవరికీ జూన్‌కూ మధ్య తేడా ఇంకొంచెం ఎక్కువ, సుమారు ఏడెనిమిది మిల్లీమీటర్లు. చలికాలం పొద్దున బ్యాచికి, ఎండాకాలం మధ్యాహ్నం బ్యాచికి ఒకే ద్రవం డిగ్రీలో మూడోవంతు తేడాతో మరిగితే ఎవరినీ తప్పుపట్టక్కర్లేదు.

ఆల్కహాలు కాస్తా ఇథైల్ ఎసిటేట్ అయిపోయే చోటు

పేరు రాయని సీసాలో ద్రవం ఇచ్చి అదేమిటో కనుక్కోమనడం డిగ్రీ ప్రాక్టికల్స్‌లో పాత ఆచారం. మరుగు స్థానం కొలిచి, పట్టికలో దానికి దగ్గరున్న పేర్లు వెతుకుతారు.

కార్బన్ టెట్రాక్లోరైడ్ 76.7. ఇథైల్ ఎసిటేట్ 77.1. ఇథైల్ ఆల్కహాలు 78.3. మిథైల్ ఇథైల్ కీటోన్ 79.6. బెంజీన్ 80.1. సైక్లోహెక్సేన్ 80.7. నాలుగు డిగ్రీల్లో ఆరు ద్రవాలు ఇరుక్కుని ఉన్నాయి.

సీసాలో ఉన్నది ఇథైల్ ఆల్కహాలు. అనంతపురంలో దానికి సవరణ 0.00010 × 30 × 351.3, అంటే 1.05 డిగ్రీ. చేయి తిరిగిన విద్యార్థి, మంచి థర్మామీటర్‌తో కొలిస్తే వచ్చేది 77.2 లేదా 77.3. పట్టిక చూస్తే ఆ అంకెకు అతి దగ్గరున్నది 77.1, ఇథైల్ ఎసిటేట్. ఎంత జాగ్రత్తగా కొలిస్తే అంత నమ్మకంగా తప్పు పేరు రాస్తాడు. అజాగ్రత్తగా ఒక డిగ్రీ ఎక్కువ చదివినవాడికి సరైన జవాబు దొరుకుతుంది.

సవరణ కట్టినా మరుగు స్థానం ఒక్కదానితో పేరు తేల్చలేం. వాసన, నీటిలో కలిసే తీరు, సోడియం ముక్క వేస్తే హైడ్రోజన్ బుడగలు రావడం, అయోడోఫాం పరీక్ష (అయోడిన్, క్షారం కలిపితే పసుపు అవక్షేపం వస్తుందా అని చూడటం) కలిస్తేనే నిర్ణయం. ఆల్కహాలు నీటిలో ఎంత పోసినా కలిసిపోతుంది. ఇథైల్ ఎసిటేట్ కొంచెం కరిగి, మిగతాది పైన పొరగా తేలుతుంది. మరుగు స్థానం అనుమానితుల జాబితాను కుదిస్తుంది, అంతవరకే.

క్యాపిలరీ పద్ధతి: ఏ క్షణంలో చదవాలి?

ద్రవం కొద్దిగానే ఉన్నప్పుడు వాడే పద్ధతి ఇది. 1886లో సివొలొబాఫ్ అనే రసాయన శాస్త్రవేత్త చెప్పాడు కాబట్టి ఆయన పేరుతోనే పిలుస్తారు. వేలెడంత ఫ్యూజన్ ట్యూబ్‌లో అర మిల్లీలీటరు ద్రవం పోస్తారు. ఒక సన్నని క్యాపిలరీ గొట్టం ఒక కొసను మంటలో కరిగించి మూసి, తెరిచిన కొస కిందికి వచ్చేట్టు ఆ ద్రవంలో దించుతారు. ఫ్యూజన్ ట్యూబ్‌ను థర్మామీటర్‌కు రబ్బరు బ్యాండుతోనో దారంతోనో కట్టి, లిక్విడ్ పారాఫిన్ నూనె పోసిన థీల్ ట్యూబ్‌లో (పక్కన వంపు చేయి ఉన్న గాజు గొట్టం) ముంచి, దాని పక్క చేయి దగ్గర సన్నని సెగ పెడతారు.

ముందు ఒకటీ అరా బుడగలు క్యాపిలరీ కొస నుంచి మెల్లగా వస్తాయి. చాలామంది అప్పుడే థర్మామీటర్ వైపు చూస్తారు. అది మరగడం కాదు. క్యాపిలరీలో ఇరుక్కున్న గాలి వేడికి వ్యాకోచించి బయటపడుతోంది. ఇంకా వేడెక్కితే బుడగలు దండ కట్టినట్టు తెంపు లేకుండా వస్తాయి. అంటే గాలంతా పోయి క్యాపిలరీ నిండా ద్రవపు ఆవిరే ఉంది, దాని తోపు బయటి పీడనాన్ని మించింది.

భిన్నాభిప్రాయం ఇక్కడే. కొన్ని ల్యాబ్ మాన్యువళ్ళు ఈ బుడగల దండ మొదలైన క్షణాన్ని మరుగు స్థానంగా రాయమంటాయి. మరికొన్ని సెగ తీసేసి ఆగమంటాయి. చల్లబడుతుంటే బుడగలు నెమ్మదించి ఆగిపోతాయి, మరుక్షణం ద్రవం క్యాపిలరీలోకి ఎక్కడం మొదలవుతుంది. ఆ క్షణాన చదవాలని వాటి మాట. మొదటి పద్ధతికి త్వరగా అయిపోతుందన్న సుగుణం ఉంది, ముప్పైమంది బ్యాచిని నడిపించే లెక్చరర్‌కు అది చిన్న విషయమేం కాదు. కానీ నిర్వచనంతో పోలిస్తే రెండోదే నిలుస్తుంది. ద్రవం లోపలికి ఎక్కబోయే క్షణంలోనే లోపలి తోపూ బయటి నొక్కుడూ సమానం. బుడగల దండ వచ్చేటప్పటికి ఉష్ణోగ్రత అప్పటికే మరుగు స్థానం దాటి ఉంటుంది, సెగ ఎక్కువైతే మూడు నాలుగు డిగ్రీలు కూడా. సెగ తగ్గించి, నిమిషానికి ఒకటి రెండు డిగ్రీల చొప్పున వేడి చేస్తే రెండు అంకెలూ దగ్గరకొస్తాయి. ఎంత బాగా చేసినా ఈ పద్ధతిలో అటూ ఇటూ రెండు డిగ్రీల తేడా సహజమని అంతర్జాతీయ పరీక్షా మార్గదర్శకాలే ఒప్పుకున్నాయి.

ఒక వింత చూడండి. బుడగల దండ దగ్గర చదివితే రీడింగు ఒకటిన్నర డిగ్రీ ఎక్కువొస్తుంది. అనంతపురం ఎత్తు వల్ల ఒకటిన్నర డిగ్రీ తక్కువొస్తుంది. రెండూ కొట్టివేసుకుని పుస్తకంలోని అంకె దిగుతుంది. అలా వచ్చిన 110.6కు మార్కులు పడతాయి. రెండు తప్పులు కలిసి ఒప్పయినట్టు కనిపించడం ల్యాబుల్లో కొత్తేమీ కాదు.

స్వేదనం చేసి కొలిస్తే

ద్రవం పాతిక ముప్పై మిల్లీలీటర్లు ఉంటే స్వేదనం, అంటే ద్రవాన్ని మరిగించి ఆవిరిని చల్లార్చి పట్టుకోవడం, మేలు. ఇందులో థర్మామీటర్ బల్బు ద్రవంలో మునగదు. ఆవిరి పక్కకు మళ్ళే చేయి దగ్గర, దాని అడుగు అంచు కంటే కొంచెం కిందుగా ఉంటుంది. కొత్తవాళ్ళకు ఇది వింతగా తోస్తుంది, మరిగేది ద్రవమైతే ఆవిరిని కొలవడమేమిటని.

ఈ ప్రశ్న మీద 18వ శతాబ్దపు శాస్త్రవేత్తలు చాలా కుస్తీ పట్టారు. జెనీవాకు చెందిన డెలూక్, నీటిలో కరిగిన గాలిని వారాల తరబడి కుదిపి కుదిపి తీసేసి వేడి చేస్తే, 100 దాటి 112 డిగ్రీల దాకా వెళ్ళినా మామూలుగా మరగడం లేదని చూశాడు. తర్వాత ఫ్రెంచి శాస్త్రవేత్త గేలుసాక్ లోహపు పాత్రలో 100 దగ్గర మరిగిన నీరే గాజు పాత్రలో 101.2 దాకా వెళుతుందని రాశాడు. గాజు మరీ నునుపు, బుడగ పుట్టడానికి పట్టు దొరకదు. ద్రవం మరుగు స్థానం దాటి వేడెక్కి, ఒక్కసారిగా ఎగదన్నుతుంది. పైకొచ్చిన ఆవిరి మాత్రం స్థిరంగా ఉంటుంది. అందుకే 1777లో కావెండిష్ నాయకత్వంలోని రాయల్ సొసైటీ కమిటీ థర్మామీటర్‌ను నీటిలో కాకుండా ఆవిరిలో ఉంచమని సిఫారసు చేసింది. ఫ్లాస్క్‌లో పోర్సిలిన్ ముక్కలు వేసేది కూడా ఈ ఎగదన్నుడు ఆపడానికే. వాటి గరుకు రంధ్రాల్లోని గాలి బుడగలకు మొలకలా పనిచేస్తుంది. వేడెక్కిపోయిన ద్రవంలో ఆ ముక్కలు వేస్తే మాత్రం అంతసేపూ ఆగిన మరుగు అంతా ఒకేసారి జరిగి, ద్రవం ముఖం మీదికి చిమ్ముతుంది.

స్వేదనంలో ఇంకో దొంగ థర్మామీటర్ కాడ. పాదరసం దండమంతా వేడిలో ఉండాలని లెక్కగట్టి గీతలు గీసిన థర్మామీటర్‌ను సగం బయటికి పెట్టి వాడితే, బయటున్న పాదరసం తక్కువ వ్యాకోచించి రీడింగు తగ్గుతుంది. సవరణ: 0.00016 × బయటున్న డిగ్రీలు × (రీడింగు − కాడ దగ్గరి ఉష్ణోగ్రత).

అనంతపురంలో ఎనిలీన్ అనే ద్రవాన్ని తీసుకుందాం. పుస్తకంలో 184.1. థర్మామీటర్ 179.8 చూపింది. 120 డిగ్రీల మేర గీతలు బయట ఉన్నాయి, కాడ చుట్టూ 40 డిగ్రీలు. సవరణ 0.00016 × 120 × 139.8, అంటే 2.7. కలిపితే 182.5. పీడనం సవరణ 1.6 చేరిస్తే 184.1. నాలుగు డిగ్రీలకు పైగా తేడా ఉన్న రీడింగు పూర్తిగా సరైనదని తేలింది. కొంతవరకే ముంచి వాడేట్టు తయారుచేసిన థర్మామీటర్లు కూడా దొరుకుతాయి, గాజు మీద గీత గీసి ఉంటుంది. వాటికి ఈ కాడ సవరణ అక్కర్లేదు.

మే నెలలో ఈథర్ సీసా

డైఇథైల్ ఈథర్ మరుగు స్థానం 34.6. అనంతపురం పీడనానికి 33.5. మే నెలలో కర్నూలు, కడపల్లో పగటి ఉష్ణోగ్రత 42, 43 దాటడం మామూలే. ఫ్యాను తప్ప ఏసీ లేని స్టోర్‌రూమ్‌లో ఈథర్ మరుగు స్థానం దాటిన స్థితిలోనే ఉంటుందన్నమాట. బిగించిన మూత లోపల పీడనం పెరిగి మరగనివ్వదు. మూత తిప్పగానే బుస్సుమని పొంగుతుంది. అప్పుడు దాని మరుగు స్థానం కొలవడమంటే వేడి చేయడం గురించి కాక చల్లబరచడం గురించి ఆలోచించాలి. డైక్లోరోమీథేన్ 39.6, అదీ అదే గూటి పక్షి.

రసాయనాల లేబుళ్ళ మీద మరుగు స్థానం ఎందుకు రాస్తారన్నదానికి ఇక్కడ ఒక జవాబు ఉంది. అంతర్జాతీయ వర్గీకరణలో మరగడం 35 డిగ్రీలకు లోపే మొదలై, 23 డిగ్రీల లోపే నిప్పందుకునే ఆవిరి ఇచ్చే ద్రవాలను మండే ద్రవాల్లో మొదటి తరగతిలో పెడతారు. ఈథర్ అందులోదే. దాని ఆవిరి గాలికంటే బరువు, బల్ల మీదుగా పాకుతూ దూరాన ఉన్న మంటను అందుకోగలదు. ఎంత వేడికి మరుగుతుందన్నది, ఎంత వేడికి నిప్పందుకుంటుందన్నది వేర్వేరు అంకెలని కూడా గుర్తుండాలి. టోలుయీన్ 110.6 దగ్గర మరిగినా దాని ఆవిరికి నిప్పంటుకోవడానికి గది వేడే చాలు.

స్థిరంగా మరిగితే స్వచ్ఛమేనా?

ఒకే అంకె దగ్గర నిలబడి మరిగితే స్వచ్ఛం, అంకె పాకుతూ పోతే కల్తీ అని క్లాసులో చెబుతారు. చాలావరకు నిజమే. కానీ 95.6 శాతం ఆల్కహాలు, మిగతా నీరు కలిసిన మిశ్రమం 78.2 డిగ్రీల దగ్గర కదలకుండా మరుగుతుంది. చివరి చుక్క దాకా అదే పాళ్ళు, అదే అంకె. ఇలాంటివాటిని అజియోట్రోప్‌లు అంటారు. రెక్టిఫైడ్ స్పిరిట్‌ను ఎన్నిసార్లు మామూలుగా స్వేదనం చేసినా నూరు శాతం ఆల్కహాలు కాకపోవడానికి కారణం ఇదే. స్వచ్ఛమైన దాని మరుగు స్థానానికీ దీనికీ ఉన్న 0.1 డిగ్రీ తేడాను మన క్యాపిలరీ ఎలాగూ పట్టలేదు.

ఒకే అంకె ఆశించకూడనివీ ఉన్నాయి. వేరుశనగ చెక్కలోంచి మిగిలిన నూనె లాగే సాల్వెంట్ ప్లాంట్లలో వాడే హెక్సేన్ నిజానికి దగ్గరి బంధువులైన కొన్ని హైడ్రోకార్బన్ల కలయిక. అది 63 నుంచి 70 డిగ్రీల మధ్య మరుగుతుంది. నూనె నుంచి ఆవిరితో తేలిగ్గా తరిమేయగలిగేంత తక్కువ, గదిలో వెంటనే ఎగిరిపోనంత ఎక్కువ అయినందుకే దాన్ని ఎంచుకున్నారు. పెట్రోలైతే ఇంకా విస్తారం. ల్యాబ్‌లో 100 మిల్లీలీటర్లు తీసుకుని స్వేదనం చేస్తూ మొదటి చుక్క, 10, 50, 90 శాతం, చివరి బిందువు దగ్గరి ఉష్ణోగ్రతలు రాస్తారు. చివరిది 210 డిగ్రీలు మించకూడదన్నది బీఎస్-6 ప్రమాణం. కిరోసిన్ సుమారు 150 నుంచి 300 దాకా మరుగుతుంది కనుక అది కలిస్తే తోక పొడుగవుతుంది, దొరికిపోతుంది. నాఫ్తా అనే తేలిక పెట్రోలియం ద్రవం కలిపితే అది పెట్రోలు పరిధిలోనే మరుగుతుంది, ఈ పరీక్ష ఒక్కదానితో పట్టుకోవడం కష్టం. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ-20 పెట్రోలులో ఆల్కహాలు మరుగు స్థానం లోపల ఈ ఉష్ణోగ్రతల గీత కొంతదూరం చదునుగా సాగి ఆ తర్వాత ఒక్కసారిగా లేస్తుంది. ఆ చదునును చూసి కల్తీ అనుకోకూడదు.

మరుగు స్థానమే లేని పదార్థాలు

మిరపకాయ బజ్జీలు వేసేటప్పుడు "నూనె మరుగుతోంది" అంటాం. ఆ బుడగలు నూనెవి కావు. పిండిలోని నీళ్ళు 170, 180 డిగ్రీల నూనెలో పడగానే ఆవిరై బయటికొస్తున్నాయి. బజ్జీ లోపలి నీరు తగ్గేకొద్దీ బుడగలూ తగ్గుతాయి. వేరుశనగ నూనె అణువులు చాలా పెద్దవి. మామూలు పీడనం దగ్గర మరిగే వేడి వచ్చేలోపే విరిగిపోయి పొగ వస్తుంది. రిఫైన్డ్ వేరుశనగ నూనెకు సుమారు 230 డిగ్రీల దగ్గర పొగ మొదలవుతుంది. అందుకే నూనెలకు పొగ స్థానం చెబుతారు. చక్కెరా అంతే, మరగదు, మాడుతుంది. గ్లిజరిన్‌కు పుస్తకంలో 290 అని ఉన్నా పక్కనే "విఘటనం చెందుతుంది" అని రాస్తారు. ఇలాంటివాటిని పీడనం తగ్గించి, తక్కువ వేడి దగ్గరే మరిగించి కొలుస్తారు. అనంతపురం ఎత్తు మనకు తెలియకుండా చేసే పనే వాక్యూమ్ పంపు పెద్ద ఎత్తున చేస్తుంది.

అనంతపురం జిల్లా పల్లెల్లో ఫ్లోరైడు నీళ్ళ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కాచితే ఫ్లోరైడు పోతుందని నమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారు. మరిగి పోయేది నీరు, లవణం గిన్నెలోనే ఉంటుంది. లీటరుకు 2 మిల్లీగ్రాములున్న నీళ్ళు సగమయ్యేదాకా కాస్తే మిగిలినదానిలో దాదాపు 4 మిల్లీగ్రాములవుతుంది. అనుమతించే గరిష్ఠ పరిమితి 1.5.

2025 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లో పిల్లల మరణాల తర్వాత పరీక్షించిన దగ్గు సిరప్‌లో 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ బయటపడినప్పుడు, "మరుగు స్థానం చూస్తే ముందే తెలిసేది కదా" అని అడిగినవాళ్ళున్నారు. ప్రశ్నలో కొంత పస ఉంది. వాడాల్సిన ప్రొపిలీన్ గ్లైకాల్ 188 దగ్గర మరుగుతుంది, విషమైన డైఇథిలీన్ గ్లైకాల్ 245 దగ్గర. డ్రమ్ములో వచ్చిన ముడిసరుకులో ఒకదాని బదులు పూర్తిగా మరొకటి ఉంటే స్వేదనంలోనే తెలిసిపోతుంది. కొద్దిశాతం కలిసినా, చక్కెర, నీరు, రంగు, మందు కలిసిన సిరప్ అయినా మరుగు స్థానం ఏమీ చెప్పదు. అక్కడ గ్యాస్ క్రొమటోగ్రఫీ కావాలి. అదీ దూరపు చుట్టమే: సన్నని పొడుగాటి గొట్టంలో ఆవిరులను పంపితే తక్కువ దగ్గర మరిగేవి సాధారణంగా ముందు, ఎక్కువ దగ్గర మరిగేవి వెనక బయటికొస్తాయి.

ఇంకా క్యాపిలరీలు కట్టించాలా?

ఈ ప్రశ్న మీద అధ్యాపకుల్లో రెండు వర్గాలున్నాయి. యంత్రాలు మిల్లీగ్రాములతో, అర డిగ్రీ కచ్చితత్వంతో మరుగు స్థానం చెబుతున్న రోజుల్లో దారంతో ట్యూబులు కట్టించడం కాలక్షేపమని ఒకరి వాదన. ఉద్యోగానికి వెళ్ళే ఫార్మా కంపెనీలో ఎవరూ థీల్ ట్యూబ్ అడగరని వాళ్ళు గుర్తు చేస్తారు. ఆ మాట కాదనలేం. ఒక గాజు గొట్టం, కొంచెం పారాఫిన్, ఒక స్పిరిట్ ల్యాంపుతో ఏ మారుమూల కాలేజీలోనైనా జరిగే ప్రయోగం ఇదొక్కటేనని, బాష్పపీడనం సమానమయ్యే క్షణాన్ని కంటితో చూపించేదీ ఇదేనని రెండో వర్గం అంటుంది. నాకు రెండోవాళ్ళ మాటే ఎక్కువ నచ్చుతుంది, రీడింగు దిద్దకుండా రాయనిచ్చినంతవరకు.

సవరణ విషయంలోనూ తగువుంది. అటూ ఇటూ రెండు డిగ్రీలు ఎలాగూ ఒప్పుకుంటాం, డిగ్రీ విద్యార్థికి ఈ లెక్కలెందుకని కొందరు. ఆల్కహాలు, ఇథైల్ ఎసిటేట్ తికమక చూశాక ఆ రెండు డిగ్రీల ఔదార్యం పేరు తేల్చే పనికి చాలదని మరికొందరు. మందుల ప్రమాణాలు రాసేవాళ్ళు ఈ తగువును ఎప్పుడో తేల్చేశారు. యూరోపియన్ ఫార్మకోపియా ప్రతి రీడింగునూ 101.3 కిలోపాస్కల్‌కు (అంటే 760 మిల్లీమీటర్లకు) సవరించమంటుంది, 100 నుంచి 140 డిగ్రీల మధ్య మరిగేవాటికి కిలోపాస్కల్‌కు 0.34 డిగ్రీ చొప్పున. అనంతపురంలోని 730 మిల్లీమీటర్లు అంటే 97.3 కిలోపాస్కల్, లోటు 4, సవరణ 1.36. సిడ్నీ యంగ్ సూత్రంతో మనకు వచ్చింది 1.38.

ఈ లెక్కన రికార్డులో టోలుయీన్ వరుస ఇలా ఉండాలి: చదివిన విలువ 109.0, ల్యాబ్‌లో పీడనం 730 మిల్లీమీటర్లు, పద్ధతి క్యాపిలరీ, ద్రవం లోపలికి ఎక్కిన క్షణం, సవరించిన విలువ 110.4. పుస్తకంతో 0.2 తేడా ఉందని ఎక్స్‌టర్నల్ అడిగితే, ఆ పద్ధతికి రెండు డిగ్రీల దాకా తేడా మామూలేనని జవాబు చెప్పొచ్చు.